ఇత్తడి నాబు

డాక్టరు ఇంకా రాలేదు. వెంకటమ్మనహళ్లి పక్క ఏదో ఊళ్ళో పిల్లలకు టీకాలు వేస్తున్నారట, అది ముగించుకుని జీపులో వస్తాడట, ఒంటిగంటకు రావచ్చు, రెండుకూ రావచ్చు. ఆ మాట చెప్పిన ఆయా బకెట్టు పట్టుకుని వెళ్ళి చాలాసేపయింది. పావగడ ఆసుపత్రి వెనక, ప్రహరీకి ఆనించి కట్టిన ఒంటిగదికి తాళం వేసి ఉంది. ఆ గదిలో మల్లేశప్ప కూతురు హొన్నూరమ్మ ఉంది. పొద్దున ఆరున్నరకు కరెంటు కొట్టి చనిపోయింది. ఇరవై రెండేళ్ళు. గోడ నీడలో గొంతుక్కూర్చుని మల్లేశప్ప ఆ తాళాన్నే చూస్తున్నాడు. పాత తాళం. ఆయా వేసేటప్పుడు చెవి రెండుసార్లు జారింది, లోపల స్ప్రింగు వదులైపోయి ఉంటుంది, విప్పి రెండు చుక్కలు నూనె వేసి ఆ స్ప్రింగును కొంచెం సాగదీస్తే ఇంకో పదేళ్ళు పనిచేస్తుంది అనుకున్నాడు. అనుకున్నాక లోపల ఎవరున్నారో గుర్తొచ్చి తన బుర్ర మీద తనకే అసహ్యం పుట్టింది. యాభై రెండేళ్ళుగా ఈ బుర్ర ఇంతే. ఏ వస్తువును చూసినా దాని లోపల ఏం పాడైందా అని ముందు అదే చూస్తుంది. మనుషుల దగ్గర మాత్రం అంత దూరం వెళ్ళదు.

కొంచెం అవతల కానుగచెట్టు కింద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె అతని భార్య ఓబమ్మ. వై.ఎన్.హొసకోట నుంచి బస్సులో దారి పొడుగునా ఏడ్చి, ఇక్కడ దిగాక నోరు మూసింది. రెండో ఆమె అతని అక్క మారెమ్మ. హొన్నూరమ్మను మంగళవాడలో ఉన్న ఆ అక్క కొడుక్కే ఇచ్చాడు. ఆ కొడుకు, అల్లుడు నరసప్ప, నీళ్ళు రాని కొళాయి దగ్గర నేల మీద కూర్చుని పుల్లతో మట్టి గీస్తున్నాడు, గీసింది అరచేత్తో చెరిపేస్తున్నాడు, మళ్ళీ గీస్తున్నాడు. ఇక్కడ లేనివాడు దాసన్న. మంగళవాడలో ఇళ్ళకు కరెంటు వైర్లు లాగే మనిషి. ఐదు నెలల కింద మారెమ్మ ఇంట్లో ప్లగ్గు పాయింటు పెట్టింది అతనే. పిల్ల పడిపోయిందని తెలియగానే ఊరివాళ్ళు దాసన్నను ఇంట్లోంచి లాక్కొచ్చి కొట్టారట, ముందుపన్ను ఒకటి ఊడిందట, ఇప్పుడు పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారట. దెబ్బలు తింటూ కూడా తన పాయింటు సరిగ్గానే ఉందని, టెస్టరు పెట్టి చూసుకోమని అంటూనే ఉన్నాడట. అది నిజం. ఆ పాయింటు సరిగ్గా ఉందని దాసన్న తర్వాత తెలిసినవాడు మల్లేశప్ప ఒక్కడే, ఎందుకంటే టెస్టరు పెట్టి చూసింది తానే.

హెడ్ కానిస్టేబుల్ శివప్ప వచ్చి అందరి దగ్గరా హేళికె రాసుకుంటాడు. ఎవరు ఏం చూశారు, ఎవరు ఏం చెప్తారు, కన్నడలో రాసి సంతకం పెట్టించుకుంటాడు. దానికోసం మల్లేశప్ప దగ్గర ఒక మాట తయారుగా ఉంది. ప్లగ్గు మీద ఎర్ర చుక్క పెట్టాను, ఆ చుక్క ఎప్పుడూ కుడిపక్కకే ఉండాలని పిల్లకు చెప్పాను. అంతే. పొద్దున బస్సు ఎక్కినప్పటి నుంచి దాన్నే తిప్పి తిప్పి అనుకుంటున్నాడు. మొదటిసారి అనుకున్నప్పుడు అది పచ్చి అబద్ధంలా నాలుక మీద నిలవలేదు. పదోసారికి నిలిచింది. బస్సు పావగడ కొండ కిందికి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి, హొన్నూరమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంగి ఆ చుక్కను చూసినట్టు, అట్లనే నాయనా అన్నట్టు కనిపించింది. ఆ గొంతు కూడా వినిపించింది. చెప్పే ఉంటాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను, అంత చిన్న విషయం, అంత పెద్ద విషయం, చెప్పకుండా ఎవడుంటాడు.

ఎందుకంటే ఆ రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. మంచి వాల్వు సెట్లలో ఉంటుంది, గోడ కరెంటుకూ రేడియో ఒంటికీ మధ్య అడ్డంగా నిలబడుతుంది. బరువు తగ్గించడానికో ధర తగ్గించడానికో కొన్ని సెట్లు అది లేకుండా చేశారు. వాటిలో కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనుప పళ్ళేనికే కలిసి ఉంటుంది. ప్లగ్గుకు రెండే కాళ్ళు, ఎటు తిప్పినా గోడలో దూరుతుంది. ఒక పక్కగా పెడితే ఆ పళ్ళెంలో ఏమీ ఉండదు, చేత్తో నిమిరినా ఏమీ కాదు. తిప్పి పెడితే పళ్ళెం మొత్తం కరెంటే. రెండు విధాలా రేడియో మాత్రం ఒకేలా పాడుతుంది. పైన పెట్టె నల్లటి బేకులైటు, తిప్పే నాబులూ బేకులైటే, వాటిలో కరెంటు పారదు, అందుకే అవి ఇన్నేళ్ళు ఇన్ని ఇళ్ళలో ఎవరినీ ఏమీ చేయకుండా పాడాయి.

హొసకోటలో వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో మోటార్లు చూసుకోవడం అతని పని. కాయ ఉంటే మిల్లు ఆరు నెలలు ఆడుతుంది, ఈ మూడేళ్ళుగా రెండు నెలలు కూడా ఆడటం లేదు. కాయ లేని రోజుల్లో మిల్లు వెనక గదిలో అతను రేడియోలు విప్పుకుని కూర్చుంటాడు. పాడైన కాగితపు కండెన్సర్లు తీసి కొత్తవి వేయడం, ఎలుకలు కొరికిన తీగలు మార్చడం, ముల్లు జరిపే దారం తెగిపోతే మైనం రాసి మళ్ళీ చుట్టడం, చెక్కపెట్టెకు లక్క పూయడం. ఎవరూ చేయమనలేదు. ఇరవై ఏళ్ళప్పుడు పంచాయతీ వాళ్ళ రేడియో మూగబోతే దాని వెనక అట్ట తీసి చూశాడు, వాల్వులనే గాజు బుడ్ల లోపల ఎర్రగా కాలుతున్న సన్నటి తీగలు కనిపించాయి, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది, ఇక అంతే. అవి స్విచ్చి వేయగానే పలకవు. అర నిమిషం వేడెక్కాలి. ఆ అర నిమిషం, ముందు హుమ్మని ఒక సన్న మోత, తర్వాత ఎక్కడో దూరంగా గొంతు, తర్వాత గదిలోకి వచ్చి కూర్చున్న మనిషి, ఆ అర నిమిషం కోసం అతను ఎండలో పది మైళ్ళు సైకిలు తొక్కేవాడు. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేకుండా అటకల మీద పడిన సెట్లను అడిగి తెచ్చుకునేవాడు. కరువు ముదిరాక అడగాల్సిన పని కూడా లేకపోయింది. బెంగళూరుకు మట్టిపనికి పోతున్నవాళ్ళు తాళం వేసే ముందు వాళ్ళే పిలిచి, తీసుకుపో అన్నా, ఈడ పెడితే చెదలు తింటాయి అనేవాళ్ళు. ఒక్కో రేడియో ఒక్కో మూతబడిన ఇంటిది. పంతొమ్మిదయ్యాయి. ఊరు ఖాళీ అవుతుంటే తన గది నిండుతోందని అతనికి ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు, ఈ గోడ కింద, తోచింది. ఆ ఇళ్ళవాళ్ళు తలలో నుంచి వరసగా నడిచిపోతున్నారు, మూటలతో, మేకలతో, ఎవరూ ఇటు తిరగడం లేదు.

హొన్నూరమ్మకు ఆరేళ్ళప్పుడు రేడియోలో మాట్లాడేవాళ్ళకు మనం కనిపిస్తామని నమ్మకం. గౌను మార్చుకోవాలంటే ముందు రేడియోను గోడకు తిప్పాల్సిందే. తిప్పేది మాత్రం తను కాదు, తండ్రిని పిలిచేది, ఎందుకంటే సెట్లను ముట్టుకోవడం ఎవరికీ అనుమతి లేదు. ఓబమ్మకూ లేదు. ప్లగ్గు పెట్టేది, తీసేది, స్విచ్చి వేసేది, ముల్లు తిప్పేది అన్నీ తానే. ఒకసారి జ్వరంలో పిల్ల, చలిగా ఉందని, పాడుతున్న సెట్టు పక్కన వెచ్చదనానికి చేరితే చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. ఎందుకని అడిగింది. పాడైపోతాది అన్నాడు. నీకేమన్నా అవుతుంది అనలేదు, అది పాడవుతుంది అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ సెట్ల మధ్యే పెరిగిన పిల్లకు వాటి గురించి అన్నీ తెలుసని అనుకున్నాడు. ఏం తెలుసు? చూడటం తెలుసు. దూరంగా కూర్చుని వినటం తెలుసు. ప్లగ్గులో పక్కలు ఉంటాయని ఎవరు చెప్పారు ఆ పిల్లకు?

పెళ్ళయిన రెండో ఏడు ఇంటికొచ్చినప్పుడు అడిగింది, మంగళవాడలో పొద్దుపోదని, నరసప్ప రాళ్ళు కొట్టే పనికి వెళితే మూడు నాలుగు రోజులు రాడని, అత్త చీకటి పడగానే పడుకుంటుందని, ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంటే చాలని. చేతిలో పట్టేంతది, సెల్లులు వేసేది. ఆ చిన్నది అన్న మాట అతనికి నచ్చలేదు. ఇంత తండ్రి ఉండగా నా కూతురు రేకు డబ్బాలో పాటలు వినాలా అనుకున్నాడు. వెంకటమ్మనహళ్లిలో మూతబడిన ఇంటి నుంచి వచ్చిన బేకులైటు సెట్టు అప్పుడే బల్ల మీద ఉంది. నాలుగు వారాలు దాని మీదే కూర్చున్నాడు. అన్నీ దొరికాయి, శబ్దం పెంచే నాబు ఒక్కటే దొరకలేదు. పాతది పగిలి ముక్క కూడా లేదు. ఉత్త ఇనుప కడ్డీ బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఎలా ఇస్తాం? మిల్లులో లేత్ మీద ఇత్తడి ముక్క ఒకటి గుండ్రంగా చెక్కాడు, అంచున సన్నటి గీతలు పెట్టాడు, కడ్డీకి పట్టేలా మర బిగించాడు, చింతపండుతో తోమాడు. నల్లటి పెట్టె మీద ఆ ఒక్క పసుపు చుక్క మెరుస్తుంటే తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాడు. ఇత్తడిలో కరెంటు పారుతుందని తెలియదా? తెలుసు. మిల్లులో ఎవడైనా ఈ పని చేసి ఉంటే చెంప పగలగొట్టేవాడు. ప్లగ్గు సరైన పక్కకు ఉంటే ఏమీ కాదులే, వేరే నాబు దొరికాక మార్చేస్తాను అనుకున్నాడు. అనుకుని, ప్లగ్గు ఒక కాలి పక్కన గోరంత ఎర్ర రంగు పెట్టాడు. ఎవరి కోసం పెట్టాడు ఆ చుక్క? తన కోసం. తన సెట్లన్నిటికీ అలాగే పెట్టుకున్నాడు.

ఆషాఢంలో సెట్టును గోనెసంచిలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని మంగళవాడకు తీసుకొచ్చాడు. ఆ రోజు ఏమేం జరిగిందో ఒక్కొక్కటిగా తెచ్చుకోవాలి. గడప, పేడతో అలికిన నేల, కిటికీ పక్క గూడు. గూట్లో పెట్టాడు. జేబులో టెస్టరు తీసి పాయింటు రెండు రంధ్రాలూ చూశాడు, ఎడమది వెలిగింది, కుడిది వెలగలేదు, సరిగ్గా ఉంది. ప్లగ్గు పెట్టాడు, చుక్క కుడిపక్కకు. పెంకుల మీదుగా ఏరియల్ తీగ లాగాడు. స్విచ్చి వేశాడు. అర నిమిషం. హొన్నూరమ్మ గూటికి ఎదురుగా నేల మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, ఊపిరి బిగబట్టింది. కడప స్టేషను పలికింది, స్పష్టంగా, ఇంట్లో మనిషిలాగా. పిల్ల తన వైపు తిరిగి నవ్వింది. ఇంటి పక్కవాళ్ళు వచ్చారు. రాగిముద్ద, చెనక్కాయల పచ్చడి పెట్టింది. నాబు నువ్వే చేసినావా నాయనా, బంగారం మాదిరి ఉండాది అంది. తర్వాత? ప్లగ్గు గురించి ఏదో చెప్పాడు. చెప్పాడు, ఆ మాట నిజం, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి ప్లగ్గు అన్న మాట అన్నాడు, నరసప్ప కూడా ఉన్నాడు, తల ఊపాడు. అదే. అదే ఎర్ర చుక్క మాట అయి ఉంటుంది.

"మల్లేశా."

మారెమ్మ చెట్టు కింద నుంచి లేచి వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళు ఉబ్బి మూసుకుపోయినట్టు ఉన్నాయి. పొద్దున ఆమే చూసింది ముందు. బిందె పడిన చప్పుడుకు లోపలికి వస్తే, చెయ్యి నాబు మీద అతుక్కుని పిల్ల వంకరగా ఉందట, రోకలితో తీగను కొట్టి పీకేసిందట, అప్పటికే అయిపోయిందట. ఇప్పుడు ఆమె గొంతు తగ్గించి, పోలీసాయన వస్తాడు, అందరూ ఒకే మాదిరి చెప్పాల అంది. ఇత్తడి నాబు సంగతి ఎవరికీ తెలీదని, రేడియో కిందపడి పగిలిపోయిందని, దాన్ని మాట్లాడక్కర్లేదని అంది.

"నువ్వు జాగ్రత్తలన్నీ చెప్పే పోయినావు. నేను ఇన్నా కదా. అదే చెప్పు. పోయిన పిల్ల ఎట్లా పోయింది. నిన్ను గూడా తీసకపోతే ఓబమ్మకు దిక్కెవరు?"

"ఏం జాగ్రత్తలు చెప్పినా అక్కా?"

 ప్లగ్గు గురించి ఏదో చెప్పినావు కదా అంది. ఆమెకూ అంతవరకే గుర్తుంది. కొళాయి దగ్గర నుంచి నరసప్ప తల ఎత్తాడు. పొద్దున నుంచి అతను మాట్లాడింది అదే మొదలు.

"ఉరిమితే పీకి పెట్టమన్నాడమ్మా మామ. ఏరియల్ మింద పిడుగు పడితే వాల్వులు కాలిపోతాయన్నాడు. రాత్రి ఉరిమింది కదా, పీకి పెట్టినా. పొద్దున్నే నేనే మళ్ళా గోడలో దూర్చి, స్విచ్చి ఏసి, మేకలకు ఆకు కొట్టను పోయినా."

అతను అంతే చెప్పి మళ్ళీ మట్టి గీసుకోసాగాడు. రాత్రి ఉరిమింది. స్వాతి కార్తె, చేలో కాయ గింజ కట్టక ఊరంతా ఆకాశం వైపు చూస్తుంటే హొసకోటలోనూ ఉరిమింది, మెరిసింది, ఒక్క చినుకు రాలలేదు. తానూ మంచం మీద నుంచి లేచి చీకట్లో తడుముకుంటూ తన పంతొమ్మిది సెట్ల తీగలు ఒక్కొక్కటే చూసుకుని పడుకున్నాడు. అదే వేళకు ఇక్కడ నరసప్ప, మామ చెప్పిన మాట మరిచిపోకుండా, లేచి ప్లగ్గు పీకాడు. గడప దగ్గర ఆ రోజు అన్న మాట ఇప్పుడు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వినబడింది, తన గొంతులోనే, ఉరిమితే ప్లగ్గు పీకెయ్యండి, వాల్వులు మళ్ళీ దొరకవు. వాల్వులు. పిల్ల తడిచేతులు తుడుచుకోలేదు, వంగి చుక్కను చూడలేదు, అట్లనే నాయనా అనలేదు. అవన్నీ బస్సులో పుట్టినవి. తాను చెప్పింది రేడియో ప్రాణం గురించి, దానికి జాగ్రత్త చెప్పి దాని తీగ పీకించి మళ్ళీ పెట్టించాడు, పెట్టేటప్పుడు ఎటు పెట్టాలో చెప్పకుండా చెప్పులు వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. చెప్పానని ఇప్పుడంటే ఏమవుతుంది? చెప్పినా వినలేదు ఆ పిల్ల, అజాగ్రత్త మనిషి, అని కాగితం మీద కన్నడలో రాసుకుంటారు. ఆ గదిలో ఉన్న పిల్ల లేచి, లేదు నాయనా, నువ్వు చెప్పలేదు అనలేదు.

రోడ్డవతల టీ అంగట్లో ట్రాన్సిస్టర్ పాడుతోంది. గరగరలాడే గొంతు, చవక స్పీకరు. సెల్లులు రెండు వేస్తే చాలు, దాని ఒంట్లో మనిషిని చంపేంత బలం ఎక్కడా ఉండదు. పిల్ల అడిగింది అదే.

శివప్ప సైకిలు మీద వచ్చాడు. కానుగచెట్టుకు సైకిలు ఆనించి, టోపీ తీసి చెమట తుడుచుకుని, అట్టకు బిగించిన కాగితాలు తీశాడు. దుడుకుతనం లేని మనిషి, మెల్లగా మాట్లాడతాడు, కన్నడం కలిసిన తెలుగు. మారెమ్మ దగ్గర మొదలుపెట్టాడు, బిందె చప్పుడు, రోకలి, అన్నీ రాసుకున్నాడు. తర్వాత వైరు పని చేసిన దాసన్న తాగి పని చేస్తాడా, ముందెప్పుడైనా ఇలా అయిందా అని అడిగాడు. మారెమ్మ తమ్ముడి వైపు చూసింది. రేడియో ఎవరిదని అడిగితే మల్లేశప్ప గోడ పట్టుకుని లేచాడు.  తయారు చేసుకున్న మాట నోటి దాకా వచ్చింది, నున్నగా, ఎన్నోసార్లు అరగదీసి ఉండటం వల్ల ఎక్కడా తగలకుండా వచ్చింది. దాన్ని మింగాడు.

"దాసన్న తప్పు ఏమీ లేదు సార్. పాయింటు సరిగ్గా ఉండాది. నేనే టెస్టర్ పెట్టి చూసినా."

"మరి తప్పెవరిదప్పా?"

"రేడియోది. నేను బాగు చేసిచ్చినది. దాని ఒంట్లో కరెంటు వస్తాది. తిప్పే నాబు బేకులైటుది ఉండాల, ఇత్తడిది నేను చేసి పెట్టినా."

శివప్ప రాయడం ఆపి తల ఎత్తాడు. ఇత్తడి పెట్టకూడదని తెలియదా అని అడిగాడు. తెలుసని మల్లేశప్ప చెప్పాడు. తెలిసి ఎందుకు పెట్టావని అడిగాడు. బాగుంటుందని, అని చెప్పాడు. ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నదో తెలిసింది.

"ముట్టుకుంటే ప్రమాదమని ఆ పిల్లకు చెప్పినావా?"

"చెప్పినాడు సామీ, నేను ఇన్నా," అంది మారెమ్మ.

"లేదక్కా. నేను చెప్పలేదు సార్. అట్లనే రాసుకోండి."

పెన్ను కాగితం మీద గీసుకుపోతున్న చప్పుడు వినిపించింది. చెట్టు కింద ఓబమ్మ కదల్లేదు, తల తిప్పలేదు, కానీ విన్నది, ఆమె వీపు వినడం అతనికి కనిపించింది. అప్పుడు నరసప్ప లేచాడు. చేతులకు మట్టి. మామకు ఎదురుగా వచ్చి నిలబడి, ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా నుదురు ముడిచి, మెల్లగా అడిగాడు.

"మామా, మూడు నెలలు పాడింది కదా. ఆ యమ్మి దినామూ ముట్టుకునేది. అప్పుడు రాని కరెంటు ఈ పొద్దు యాడనుంచి వచ్చింది? ప్లగ్గు పీకి పెట్టింది నేను. దాన్ని ఎట్లన్నా పెట్టచ్చా?"

ఇరవై ఆరేళ్ళ ముఖం. మూతి దగ్గర మారెమ్మ పోలిక, చిన్నప్పుడు తన భుజం మీద కూర్చుని జాతర చూసిన ముఖం. ఆ కళ్ళలో అడిగిన ప్రశ్న వెనకే దాని జవాబు కూడా నిలబడి ఉంది, తలుపు తీయడమే తక్కువ. అవును అంటే చాలు. నువ్వు తిప్పి పెట్టావు అంటే చాలు, సగం బరువు ఇక్కడే దిగిపోతుంది, ఓబమ్మ వీపు ఇటు తిరుగుతుంది. అది నిజం కూడా. ఇప్పుడే నిజం చెప్పాలని నిలబడినవాడు ఇక్కడ ఆగడం ఎందుకు? కానీ ఈ పిల్లవాడు రేపు పొద్దున లేవాలి, ఎల్లుండి లేవాలి, తన రెండు చేతులూ చూసుకుంటూ ముద్ద తినాలి, ఎప్పుడో ఎవరినో మళ్ళీ పెళ్ళాడాలి, ఆ ఇంట్లో దీపం స్విచ్చి వేయాలి. తనకు అంత దూరం లేదు.

"ఎట్ల పెట్టినా అంతే నరసప్పా. ప్లగ్గుతో ఏమీ లేదు."

"మరి దాని మింద ఎర్ర చుక్క ఏంది?"

ఈ పిల్లవాడు చూశాడు. ఎవరూ చెప్పకపోయినా చుక్కను చూశాడు, చూసి, ఏమిటో అని అనుకుని, అడగడానికి మామ దగ్గర లేకపోతే ఊరుకున్నాడు. 

"అది నేను గుర్తుకు పెట్టుకునేది. ఇంట్లో ఇన్ని సెట్లు ఉండాయి కదా, ఏ తీగ దేనిదో తెలియాలని. లోపల ఒక కండెన్సర్ పోతా ఉండాది. ఈ పొద్దు పూర్తిగా పోయింది. నువ్వు పెట్టినా, నేను పెట్టినా, అదే అయ్యేది. చూసుకోని ఇయ్యాల్సింది నేను."

 నరసప్ప భుజాలు దిగాయి, ఒక్కసారిగా నేల మీద కూలబడి, పొద్దున నుంచి రాని ఏడుపు ఏడ్చాడు. శివప్ప అదీ రాసుకున్నాడో లేదో. మల్లేశప్ప చేత సంతకం పెట్టించుకుంటూ, కేసు అవుతుందని, రేపు స్టేషనుకు రావాలని, వేలు పెట్టి చూపిస్తూ ఇక్కడ, ఇక్కడ అన్నాడు. తన పేరు తెలుగులో రాశాడు. చివరి అక్షరం కాగితం దాటి అట్ట మీదికి పోయింది.

డాక్టరు రెండున్నరకు వచ్చాడు, నాలుగుకు బయటికి వచ్చి చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ గంటన్నరలో ఓబమ్మ అతని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మంగళవాడ నుంచి ఎవరిదో ట్రాక్టరు వచ్చి ఆసుపత్రి వెనక ఆగింది, ట్రాలీలో ఎండు వేరుశనగ కట్టె పరిచి ఉంది, కాయ కాయని పైరు, పశువులకైనా పనికొస్తుందని పీకింది. స్టేషను నుంచి వదిలేసిన దాసన్న నడుచుకుంటూ వచ్చి ప్రహరీ దగ్గర నిలబడ్డాడు. మూతి వాచి ఉంది, చొక్కా మీద రక్తం ఎండి నల్లబడింది. ఎందుకు వచ్చాడో ఎవరూ అడగలేదు. తెల్లబట్టలో చుట్టిన పిల్లను బయటికి తేవడానికి నలుగురు కావాలి. నరసప్ప, ట్రాక్టరు నడిపినతను, ఆసుపత్రి మనిషి వంగారు. మల్లేశప్ప వెళ్ళి కాళ్ళ వైపు మూల పట్టుకున్నాడు. బట్ట పలుచగా ఉంది, దాని కింద మడమ తగిలింది, చిన్నప్పుడు ముల్లు దిగి తాను సూదితో తీసిన మడమ.

"నువ్వు పట్టద్దు," అంది ఓబమ్మ.

గట్టిగా అనలేదు. పక్కవాళ్ళకు కూడా సరిగ్గా వినిపించి ఉండదు. అతను వేళ్ళు వదిలి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆ మూల కొంచెం వాలింది. దాసన్న గబగబా వచ్చి దాన్ని అందుకున్నాడు. నలుగురూ మోసుకెళ్ళి ట్రాలీలో ఆ కట్టె మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు తల దగ్గర ఎక్కారు, దాసన్న ఇంజను పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ట్రాక్టరు కదిలి, గేటు దగ్గర గుంతలో నెమ్మదించింది. అతన్ని ఎక్కమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నడిచి వెళ్ళేంత దగ్గర కాదు మంగళవాడ. వెనకే పది పన్నెండు అడుగులు నడిచాడు. అప్పుడు ట్రాలీ వెనక పలక దగ్గర కూర్చున్న నరసప్ప ఇటు తిరిగి, కుడిచెయ్యి కిందికి చాచాడు. మల్లేశప్ప ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి, ఎవరికీ తగలకుండా ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు.